గడ్డి మొలవని మిద్దె

కృపమణి తాళం తీసి తలుపు తోసేసరికి అంగడి లోపల ఆకాశం కనిపించింది.

ఆమె గడపలోనే ఆగిపోయింది. తన అంగడికీ పక్కనున్న మునిరత్నం శెట్టి మండీకీ నడుమ ఉన్నది ఒకటే గోడ. ఆ గోడలోంచి దూలం కొస ఊడి నేలకు దిగింది. దాంతోపాటే దూలం మీద అడ్డంగా పరిచిన దంతెలు, బండలు, వాటి మీది మట్టి. ఎద్దులతో నీళ్లు తోడే కపిలె బావులకు అమ్మే తోలుబానలు సగం ఆ మట్టి కింద కూరుకుపోయాయి. రోజూ తను పీట వేసుకుని చెప్పులు కుట్టే చోట ఒక నాపబండ నిలువునా దిగబడి ఉంది. పైనుంచి ముసురువాన తీరిగ్గా అంగట్లోకి పడుతోంది.

అది 1934 ఆషాఢం. నంద్యాల పెద్ద బజారులో అన్నీ మట్టిమిద్దెలే. ముసురు పట్టి వారమవుతున్నా ఏ మిద్దే పడలేదు. ఇదొక్కటే పడింది.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది మునిరత్నమే. కందులు, శనగల వ్యాపారి. ఒళ్లు సన్నం, గొంతు పెద్దది.

"అయ్యో, ఏమ్మే కృపమణీ! లోపల మనుషులెవురూ లేరు గదా?"

"తాళం వేసిన అంగట్లో మనుషులెవరుంటారు శెట్టిగారూ?"

"ఏమో, గాబరాలో అడిగినాలే. చౌడు పోయించినావా ఈ ఏడు?"

"పోయించినా. ఉగాది దాటినాక ఓబన్న బండి తోలినాడు. మీ మెట్ల మీదనే గదా ఎక్కి పరిచింది."

"పరిచినావులే, నేను కాదంటానా. మీ ఆసామి కేశవయ్య అడిగితే చూపించడానికి ఏముండాదని."

ఎదురుగా తమలపాకులు అమ్మే కంబన్న గొడుగు కింద నుంచే నవ్వాడు. "ఇదేం విచిత్రమో చూడండప్పా! ఏటా మోకాలెత్తు గడ్డి పెరిగే శెట్టి మిద్దె నిలబడె, చౌడు పోసిన ఈయమ్మ మిద్దె పడె. శెట్టీ, ఈ ఏడన్నా మేకల్ని ఎక్కిస్తావా లేదా?"

"మా తాత వేయించిన గచ్చురా అది! దాని మీద చౌడు పోసే పనే లేదు. మేం పోసిందీ లేదు, ఈ ఏడు గూడా పోయలేదు. దుడ్లు మట్టిపాలు చేసేదానికి నేనేమన్నా నీ మాదిరి జమీందారునా?" అని మునిరత్నం కసిరాడు.

బజారంతా నవ్వింది. కృపమణి నవ్వలేదు. ఆమె కూలిన మూలకేసే చూస్తోంది.

చౌడు ఉప్పుమన్ను. వానలకు ముందు మిద్దె మీద జానెడు మందాన పరిచి తొక్కితే నీరు లోపలికి దిగకుండా జారిపోతుంది. అందులో గడ్డిపోచ కూడా మొలవదు. ఆ పని చేసిన మిద్దె ఒక్క ముసురుకే కూలడం ఆ బజారులో ఎవరూ ఎరగరు.

కృపమణి మనసులో ఇంకో సంగతి కూడా కదిలింది. ఏడేళ్లుగా ఆ వరసలో వాళ్లదొక్కటే క్రైస్తవుల అంగడి, ఒక్కటే తోలు అంగడి. మొగుడు లేవి పోయాక రెండేళ్లుగా ఆమే నడుపుతోంది. ఇన్నేళ్లలో మునిరత్నం ఆమెను తన అరుగు ఎక్కనిచ్చింది లేదు. అలాంటిది, ముసురు మొదలైన రోజు నుంచి, "ఆ చీకట్లో ఏం కుడతావమ్మే, మా అరుగు మీద వెలుతురుండాది, వచ్చి కూర్చో" అని రోజూ పిలిచాడు. వాన వల్ల మంచితనం పుట్టిందేమో అనుకుని ఆమె వెళ్లి కూర్చుంది కూడా.

ఇప్పుడు ఆ నాపబండ దిగబడిన చోటు చూస్తుంటే ఆ మంచితనం మీద ఆమెకు అనుమానం మొదలైంది.

కేశవయ్య మధ్యాహ్నానికి వచ్చాడు. అంగడికి ఆసామి ఆయనే. బట్టల వ్యాపారం కొడుకుకు అప్పగించి పొద్దుటూరు వెళ్లిపోదామని ఉన్నదంతా అమ్ముకుంటున్నాడు. ఈ అంగడిని కృపమణికే అమ్మాలి. లేవి రాయించుకున్న గుత్త కాగితంలో ఆ మాట ఉంది. ఊళ్లో ఉన్న చేను అమ్మి, సంఘం పెద్దల దగ్గర చేబదులు తీసుకుని ఆమె సొమ్ము సిద్ధం చేసుకుంది. మర్నాడే రిజిస్ట్రారు కచేరీకి పోవాలి.

కేశవయ్య గొడుగు ముడిచి, కూలిన మట్టిని చూశాడు గానీ ఆమె మొహం చూడలేదు.

"నీకు తెలియంది కాదు కృపమణీ. మిద్దె కాపాడే భారం గుత్తదారుది. కాపాడకపోతే గుత్త రద్దు. గుత్త పోతే, నీకే ముందు అమ్మాలన్న హక్కు గూడా పోతాది."

"నేను కాపాడలేదని ఎవరు చెప్పినారు?"

"మిద్దె చెప్తాండాది గదమ్మా. రేపు కచేరీ తెరిచేలోపల నువ్వు చౌడు పోసినావని నాకు నమ్మకం కలగల్ల. లేకుంటే మునిరత్నంకు రాసిస్తా. ఆయన ఎండాకాలం నుంచీ అడుగుతాండాడు."

అంగడి పోతే ఆమెకు ఇంకో చోటు లేదు. తోలు అంగడికి స్థలమిచ్చే ఆసామి నంద్యాల బజారులో ఇంకొకడు లేడు. చేను ఇప్పటికే పోయింది.

కేశవయ్య అటు వెళ్లగానే మునిరత్నం గొంతు తగ్గించి దగ్గరికొచ్చాడు. "ఆ ముసలాయన్ని నమ్మొద్దమ్మే. నీతో ఒక ధర, నాతో ఒక ధర మాట్లాడతాండాడు. నేను అడగనే లేదు. ఆయనే నిన్న మా ఇంటికొచ్చినాడు. మిద్దె పడితే ఎవరికి లాభమో నువ్వే ఆలోచించుకో."

ఆమె ఆలోచించింది. ఎండాకాలం నుంచీ అడుగుతున్నాడని ఒకడు. అడగనే లేదని ఇంకొకడు. ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడు. కేశవయ్యకు ఎక్కువ ధర మీద ఆశ ఉండొచ్చు. మొహం చూడకుండా మాట్లాడినవాడు ఆయనే. కానీ అబద్ధం చెప్పేవాడు మొహం చూసే చెబుతాడని ఏడేళ్ల వ్యాపారంలో ఆమె నేర్చుకుంది.

ముందు ఓబన్న సంగతి తేల్చుకోవాలి. చౌడు అని చెప్పి వట్టి మట్టి తోలితే? పొద్దున్నుంచీ ఆమెను వదలని అనుమానం అదే.

ఓబన్న బండి సంత దగ్గర దొరికింది. మాట వింటూనే అతని మొహం జేవురించింది.

"నేనా? నా తండ్రి కాలం నుంచి చౌడు తోలుతాండా. పద, యాడుండాది ఆ మట్టి?"

అంగట్లోకొచ్చి పిడికెడు మట్టి తీసి, చిటికెడు నాలుక మీద వేసుకుని, థూ అని ఉమ్మేశాడు.

"ఉప్పే లేదు. ఇది నా చౌడు కాదక్కా. నువ్వు గూడా చూడు."

"నీ తప్పు దాచుకునేదానికి అంటాండావేమో, నాకేం తెలుసు?"

"అట్లయితే నువ్వే చెప్పు. ఆ పొద్దు చౌడులో నువ్వేం కలిపినావు?"

కృపమణికి గుర్తొచ్చింది. అవును. తోళ్లు పదును చేశాక మిగిలే తంగేడు చెక్క పొట్టును చౌడులో కలపడం వాళ్ల ఇంటి అలవాటు. చెద పట్టదని లేవి తండ్రి చెప్పేవాడట. ఆమే రెండు గంపలు తన చేత్తో కలిపింది. ఎర్రటి చెక్క పేళ్లు, ఏడాది పొడుగునా మిద్దె మీద కనిపిస్తూనే ఉంటాయి.

మట్టిలోకి రెండు చేతులూ పెట్టి వెతికింది. ఒక్క తంగేడు పేడు కూడా దొరకలేదు. దొరికినవి గడ్డి వేళ్లు. వేళ్ల నడుమ, రెండేసి ఆకులతో లేతగా, కంది మొలకలు.

ఓబన్న కూడా వంగి చూశాడు. "నీ మిద్దె మీద కందులెవరు ఎండబోసినారక్కా?"

"నేను తోలు అమ్ముకునేదాన్ని. నాకు కందులేంటికి?"

ఇద్దరూ ఒక్కసారే ఉమ్మడి గోడ వైపు చూశారు.

ఆమెకు రుజువు కావాలంటే మిద్దె ఎక్కాలి. మిద్దెకు మెట్లు ఒకటే చోట ఉన్నాయి, మునిరత్నం పెరట్లో. ఇన్నేళ్లూ అడిగినప్పుడల్లా ఎక్కనిచ్చాడు. ఆ దయకు లేవి ఉన్నప్పటి నుంచి ఏటా ఒక చెప్పుల జోడు ఊరికే ఇవ్వడం వాడుక. ఈ ఏడు మాత్రం మునిరత్నం వైశాఖంలోనే వచ్చి, "మంత్రాలయానికి నడిచి పోతా, ఈసారి అట్ట మందంగా, రెండు వరసలు వేసి కుట్టు" అన్నాడు. కుట్టి ఇచ్చి, మర్నాడే ఆమె తోళ్లకూ తంగేడు చెక్కకూ ఆత్మకూరు వెళ్లింది. వారం తర్వాత తిరిగొచ్చి మంత్రాలయం సంగతి అడిగితే, "కడుపు నొప్పి వచ్చి పోలేదులే" అన్నాడు.

ఇప్పుడు మునిరత్నం పెరటి వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ పొద్దు కుదరదమ్మే. మా ఆడోళ్లు మడితో వడియాలు పెట్టినారు పైన."

"ముసురులోనా శెట్టిగారూ?"

మునిరత్నం మాట సర్దుకున్నాడు. "అదే, ముసురుకు ముందు పెట్టినారు. తీయలేదు ఇంకా."

"వారం దినాల వానలో నానుతాండాయా వడియాలు?"

"నా పెరడు, నా మెట్లు, నా ఇష్టం! ఎక్కనిస్తే ఎక్కుతావు, లేకుంటే లేదు. పో!"

తలుపు మూసుకుంది. లోపల గొళ్లెం పడిన చప్పుడు కూడా వినిపించింది. ఏడేళ్లలో ఆ వాకిలికి పగటిపూట గొళ్లెం పడడం ఆమె వినలేదు.

కచేరీ వసారాలో దస్తావేజులు రాసే శేషన్న దగ్గరికి ఆమె కాగితం పట్టుకుని వెళ్లింది. లేవి ఈ గుత్త కాగితం రాయించింది ఆయన చేతే. అయితే ఆమె ఇప్పుడు ఎవరినీ నమ్మే స్థితిలో లేదు. రేపటి అమ్మకం కాగితం మునిరత్నం పేర రాసేది కూడా ఈయనేనేమో! కాగితాన్ని ఆయన చేతికివ్వకుండా రెండు కొసలూ తనే పట్టుకుని చూపించింది.

శేషన్న కళ్లజోడు పైనుంచి ఆమెను చూసి నవ్వాడు. "నేనేమన్నా మింగుతానా తల్లీ? సరే, అట్లే పట్టుకో. ఏం తెలియల్ల నీకు?"

"దీంట్లో నాకేముండాదో అంతా. లేవి ఉన్నన్నాళ్లు ఆయన చూసుకొన్యాడు. నాకు తోలు తెలుసు, ఈ మాటలు తెల్దు."

"మొదట ఇది బాడుగ కాదు, గుత్త. బాడుగంటే నెల నెలకు నిలబడేది. ఆసామి పొమ్మంటే మూట సర్దుకోవల్ల. గుత్తంటే ఇన్నేండ్లని కాలం పెట్టుకొని తీసుకొనేది. ఆ లోపల నిన్ను లేపాలంటే నువ్వు షరతు తప్పినావని చూపించల్ల. ఊరికే పొమ్మనేదానికి లేదు."

"భోగ్యమంటారే, అది?"

"అది వేరే. ఆసామికి అప్పిచ్చి, వడ్డీకి బదులుగా అంగడి అనుభవించేది. నీది భోగ్యం కాదు. ఇదిగో, మరమ్మతు షరతు. మిద్దె మట్టి, చౌడు, గోడ పూత నీ భారం. దూలాలు, దంతెలు పుచ్చిపోతే ఆసామి భారం."

"అంటే దూలం జారినందుకు నేను బాధ్యురాలు కాదా?"

"చౌడు పోయక నీళ్లు దిగి జారితే నువ్వే. ఇంకెవరన్నా చేస్తే నువ్వు కాదు. తర్వాత ఇది, మొదటి హక్కు. ఆసామి అమ్మాలంటే అందరికంటే ముందు నిన్ను అడగల్ల. నువ్వు వద్దంటేనే ఇంకొకరికి. గుత్త బతికుంటేనే ఇది బతికుంటాది."

ఇంతవరకూ కేశవయ్య చెప్పినదీ అదే. ఈ మాటల్లో ఎక్కడా మోసం లేదు. కృపమణి వేలు పెట్టి కింది వరస చూపించింది. "ఇదేంది? ఉమ్మడి గోడ అని ఉండాది."

"ఆ గోడ ఇద్దరు ఆసాములదీ. ఒకరు ముట్టుకోవాలంటే ఇంకొకరు ఒప్పుకోవల్ల. రెండు అంగళ్లూ ఒకడి చేతికే వస్తే ఇంక అడిగేవాడెవడు? గోడ పడగొట్టి రెండూ ఒకటి చేసుకుంటాడు."

కృపమణి లెక్క వేసుకుంది. మునిరత్నం మండీ ఇరుకు. మూటల బండ్లు వీధిలోనే నిలుస్తాయి.

"దాని కింద దారి హక్కు ఉండాది చూడు. మిద్దె ఎక్కేదానికి మునిరత్నం పెరటి మెట్ల మీద దారి."

"అది ఆయన దయతో ఇచ్చింది గదా?"

"దయా?" శేషన్న పెద్దగా నవ్వాడు. "ఆ రెండు స్థలాలూ ఒకనాడు ఒకే ఇంటివి. విడగొట్టినప్పుడే రాసినారు. మెట్లు ఆయనవే. ఎక్కే హక్కు నీ అంగడిది. అది మనిషికిచ్చింది కాదు తల్లీ, స్థలానికిచ్చింది. ఆసామి మారినా, గుత్తదారు మారినా స్థలాన్ని అంటుకునే ఉంటాది. నిన్ను ఆపే హక్కు ఆయనకు లేదు."

"ఏడేండ్లు చెప్పులు ఊరికే ఇస్తిమే!"

"నన్ను అడిగింటే ఒక జోడు నాకు ఇచ్చి ఊరుకొనింటివి."

కృపమణి కాగితం మడవబోయి ఆగింది. ఆఖరి అనుమానం ఒకటి మిగిలింది. "ఈ షరతులన్నీ ఎవరెవరికి తెలుసు?"

"రాసిన నాకు. ఇచ్చిన కేశవయ్యకు. పుచ్చుకున్న లేవికి. సాక్షికి."

"సాక్షి ఎవరు?"

శేషన్న చెప్పకుండా, కాగితం అడుగున ఉన్న సంతకం మీద వేలు పెట్టాడు. ఆ వంకర సంతకాన్ని ఆమె కందుల మూటల చీటీల మీద ఏళ్లుగా చూస్తోంది.

కేశవయ్యను ఇంట్లోంచి లేపుకు రావడం తేలిక కాలేదు.

"ముసలోణ్ణి, వానలో మిద్దెలు ఎక్కమంటావా?"

"దారి హక్కు మీ స్థలానిది. నేను గుత్తదారును, మీరు ఆసామి. రేపు అమ్మేముందు మీ హక్కు ఉండాదో పోయిందో మీరే చూసుకోవల్ల. నాతో మునిరత్నం చెప్పింది ఒకటి, మీతో చెప్పింది ఒకటి. మీరే నిన్న ఆయన ఇంటికి పోయినారట గదా?"

కేశవయ్య మొదటిసారి ఆమె మొహం చూశాడు. "నేనా? నేను వాని గడప తొక్కి ఏడాదయింది!"

గొడుగు తీసుకుని ఆయనే ముందు నడిచాడు.

సాయంత్రం వెలుతురు ఇంకా ఉంది. వాన తెరిపిచ్చింది. కేశవయ్య, శేషన్న, ఓబన్న, కృపమణి, తమాషా చూద్దామని వెంటపడ్డ కంబన్న. అంతమందిని చూసి మునిరత్నం గొళ్లెం తీయక తప్పలేదు. మెట్ల మొదట్లో చేతులు చాచి నిలబడ్డాడు.

"ఎవరన్నా ఎక్కినారంటే ఊరుకోను!"

"దారి హక్కు శెట్టిగారూ," అంది కృపమణి. "సాక్షి సంతకం మీదే."

మునిరత్నం చేతులు వాటంతటవే దిగిపోయాయి. ఆమె అతన్ని తాకకుండా పక్కనుంచి మెట్లెక్కింది.

మిగతా అందరూ ఆమె వెనకే ఎక్కారు.

కృపమణి మిద్దెలో కూలగా మిగిలిన భాగం పచ్చగా ఉంది. మడమలు మునిగే గడ్డి, నడుమ నడుమ కంది మొలకలు. ఉమ్మడి గోడకు ఇవతల మునిరత్నం మిద్దె బూడిదరంగులో, నున్నగా, బోడిగా ఉంది. ఒక్క గడ్డిపోచ లేదు. వారం ముసురు నీళ్లన్నీ దాని మీంచి జారి దోనె గుండా పోయాయి.

కంబన్న నోరు ముందు తెరుచుకుంది. "అరెరె! మేకలు మేసే గడ్డి గోడ దాటి పోయింది గదప్పా!"

కేశవయ్య వంగి మునిరత్నం మిద్దె మీది మట్టి చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పగుండాది. చౌడే."

"నేను తెప్పించినా," అన్నాడు మునిరత్నం.

"పొద్దున బజారంతా వింటాంటే పోయలేదంటివే?" అన్నాడు కంబన్న.

"పోయించినా. గుర్తు లేక చెప్పినా. ఊరి బయట ఎవరో ఒకడు తోలినాడు."

"నంద్యాలలో చౌడు తోలేది నేనొక్కణ్ణే," అన్నాడు ఓబన్న. "నీకు గంపెడు గూడా అమ్మలేదు. అరువు అడిగితే ఇయ్యనంటి."

"పక్కూరోడు! వాని పేరు నాకేం తెలుసు?"

కృపమణి మునిరత్నం మిద్దె నడుమకు నడిచి, చతికిలబడి, తడిసిన చౌడును గోటితో గీరింది. ఎర్రటి పేడు ఒకటి తీసింది. ఇంకోటి. ఇంకోటి. అరచేతిలో పెట్టుకుని లేచి అతని ముందు చాచింది.

"ఆ పక్కూరోడు తంగేడు చెక్క గూడా కలిపి ఇచ్చినాడా శెట్టిగారూ?"

"అదేంది? గడ్డిపరకలు."

"కాదు. మా గుంతలో తోళ్లు పదును చేసిన చెక్క. నా చేత్తో కలిపినా, చెద పట్టకుండా. ఈ ఊళ్లో ఇంకెవరింట్లోనూ ఇది ఉండదు. మీ దేవుని గది ఏ మూల కిందుండాదో నాకు తెల్దు గానీ, ఈ మిద్దె అంతటా తోళ్లు నానిన ఈ చెక్కే ఉండాది."

మునిరత్నం ఆ పేళ్లను చూశాడు. తర్వాత తన అరచేతులు చూసుకున్నాడు. పంచెకు ఒకసారి తుడుచుకుని, ఇంకోసారి తుడుచుకుని, నడుమెత్తు పిట్టగోడ మీద కూలబడ్డాడు.

కేశవయ్య గొడుగు నేలకానించి అన్నాడు. "కృపమణీ, రేపు కచేరీకి రా. గుత్త రద్దు కాలేదు. మొదటి హక్కు నీదే. కూలిన భాగం ఎవరు కట్టిస్తారో ఇప్పుడు వీడు చెప్తాడు."

కృపమణి అడిగింది ఒకటే. "నేను రోజూ కూర్చునే చోట బండ పడింది శెట్టిగారూ. అది తెలిసే చేసినారా?"

మునిరత్నం తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు.

"చంపాలని కాదమ్మే. దేవుని సాక్షిగా కాదు. నాకు గోడ కావల్సింది. ఆ గోడ పడగొడితే బండ్లు లోపలికొస్తాయి, నా మండీ మండీ మాదిరి ఉంటాది. ఎండాకాలంలో కేశవయ్యను అడిగితే, మొదటి హక్కు కృపమణిది అన్నాడు. ఆ మాటకు సాక్షి సంతకం పెట్టింది నేనే గదా అని రాత్రంతా నిద్ర పట్టలేదు. అదే కాగితంలో మిద్దె షరతు గుర్తొచ్చింది. నువ్వు ఆత్మకూరు పోతివి. కూలోన్ని పెడితే ఊరంతా చెప్తాడని నేనే ఎక్కినా. ఎండ మండే ఝాములో, బజారంతా తలుపులేసుకొని పండుకొన్నప్పుడు. బండలు కాలిపోతాంటే నువ్వు కుట్టిన చెప్పులే నన్ను కాపాడినాయి. నీ చౌడు గీకి ఈ పక్కకు, కందులెండబోసే నా పాత మట్టి ఆ పక్కకు వేసినా. నా చేతులు చూడు, పార పట్టి బొబ్బలెక్కిన చేతులు. కడుపు నొప్పి అని చెప్పింది అందుకే. కొంచెం ఉరుస్తాది, కేశవయ్యకు చూపిస్తాం, గుత్త పోతాది, అంతే అనుకుంటి. దూలమే జారుతుందని అనుకోలేదు. ముసురు పట్టినాక గోడలో నీళ్లు దిగే చప్పుడు మా వైపు వినిపిస్తాండె. అప్పుడు భయమేసింది. రోజూ నిన్ను అరుగు మీదికి పిలిచింది అందుకే. మా ఆడోళ్లు తిట్టినా పిలిచినా. చెప్పేస్తే పోయేది, నోరు రాలేదు. కట్టిస్తా, దూలం, దంతెలు, అన్నీ నేనే కట్టిస్తా. నీ చౌడు గంపలకెత్తి ఊరవతల పారబోసింటే ఈ పొద్దు మీరెవ్వరూ నన్ను పట్టుకొనేవాళ్లు కాదు. గంప నెత్తికెత్తుకొన్యా గూడా. మెట్ల దాకా పోయినా. కానీ ఎట్లాంటి చౌడమ్మే అది! కొత్తది, తెల్లగా, పొడిపొడిగా. పోసుకొనే నా మిద్దె పక్కనే ఉండాది. ఊరికే వచ్చిన దాన్ని పారబోసేదానికి నాకు చేతులు రాలేదు."